కుష్ఠువ్యాధి నిర్ధారణ, చికిత్సల చరిత్ర: యాజకుని రెండు బాధ్యతలు

ఉపోద్ఘాతము

అంటువ్యాధిని గుర్తించుట, దానికి మందు ఇచ్చుట వైద్యుని పని. అయితే వ్యాధి ఉన్నదని తేలిన మనిషిని ఇల్లు, ఊరు, సంఘము ఏమి చేయవలెనన్న ప్రశ్నకు వైద్యుడొక్కడే జవాబు చెప్పలేడు. అందులోనూ కుష్ఠువ్యాధి విషయములో ఈ ప్రశ్న వైద్యుని కంటె ముందుగా యాజకుని ముందుకు వచ్చింది. లేవీయకాండము 13, 14 అధ్యాయములు దీనికి సాక్ష్యము. ఆ రెండు అధ్యాయములలో యాజకునికి రెండు బాధ్యతలు అప్పగించబడినవి. మొదటిది, పొడను పరీక్షించి అపవిత్రతను నిర్ణయించుట. రెండవది, బాగుపడినవానిని తిరిగి సమాజములో చేర్చుట.

కుష్ఠువ్యాధి నిర్ధారణ, చికిత్సలు గడచిన నూట యాభై సంవత్సరములలో ఏ విధముగా మారినవో పరిశీలించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము. ఈ చరిత్రను చదివినప్పుడు ఒక సంగతి స్పష్టమగుచున్నది. నిర్ధారణ పద్ధతి మారింది, మందు మారింది, కాని రోగిని తిరిగి చేర్చుకొనుట ప్రతి దశలోను వెనుకబడింది. పదమూడవ అధ్యాయములోని పనిని ఈనాడు వైద్యశాస్త్రము చాలా మెరుగుగా చేయగలదు. పదునాలుగవ అధ్యాయములోని పని మాత్రము ఇంకను సంఘము చేతిలోనే ఉన్నది.

1. లేవీయకాండములోని పరీక్ష

పదమూడవ అధ్యాయమును వైద్యదృష్టితో చదివితే అది జాగ్రత్తగా కూర్చిన పరీక్షా విధానముగా కనబడుతుంది. యాజకుడు మచ్చను చూస్తాడు. దానిలోని వెండ్రుకలు తెల్లబారినవా, మచ్చ చర్మము కంటె లోతుగా ఉన్నదా అని గమనిస్తాడు. సందేహముంటే తీర్పు చెప్పడు, ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచుతాడు. ఏడవ దినమున మరల చూస్తాడు. ఇంకను సందేహముంటే మరి ఏడు దినములు ఆగుతాడు. మచ్చ వ్యాపించిందా, అణగిపోయిందా అన్నదే ఇక్కడ ముఖ్యమైన గురుతు. తొందరపడి తీర్పు చెప్పకుండ వ్యాధి నడకను చూచి నిర్ణయించవలెనన్న సూత్రము దీనిలో ఉన్నది.

సాధారణముగా ప్రసంగములలో గమనించని రెండు విషయములు ఈ అధ్యాయములో ఉన్నవి. మొదటిది, దేహమంతయు తెల్లబారినవాడు పవిత్రుడని 13వ వచనము చెప్పుచున్నది. రెండవది, పుండు లేక కాలినగాయము మానిన తరువాత మిగిలిన మచ్చను వ్యాధిగా ఎంచకూడదని 23, 28 వచనములు నిర్దేశించుచున్నవి. అనగా పాత నిబంధన యాజకునికి వ్యాధికీ, వ్యాధి విడిచిపోయిన మచ్చకూ తేడా తెలియవలెను. ఈ తేడాను ఈ వ్యాసము చివరలో మరల చూస్తాము.

ఈ అధ్యాయములో చికిత్స లేదన్న సంగతి కూడ గమనార్హము. యాజకుడు మందు ఇవ్వడు, బాగు చేయడు. పదునాలుగవ అధ్యాయములోని విధులు సహితము స్వస్థత కొరకు కాదు, స్వస్థత కలిగిన తరువాత జరిగేవి. అక్కడ మొదటి అడుగు యాజకునిదే. రోగి పాళెములోనికి రాలేడు గనుక యాజకుడే పాళెము వెలుపలికి వెళ్ళి అతనిని చూడవలెను. తరువాత రెండు పక్షులు, దేవదారు కఱ్ఱ, హిస్సోపు మొదలైనవాటితో విధులు జరుగుతాయి. ఎనిమిదవ దినమున అపరాధ పరిహారార్థ బలి రక్తమును, ఆ పైన నూనెను అతని కుడిచెవి కొనమీదను, కుడిచేతి బొటనవ్రేలిమీదను, కుడికాలి బొటనవ్రేలిమీదను యాజకుడు చమురుతాడు. ఎనిమిదవ అధ్యాయములో అహరోనును, అతని కుమారులను ప్రతిష్ఠించినప్పుడు రక్తము పూసినది కూడ సరిగ్గా ఈ మూడు చోట్లనే. పాళెము వెలుపల ఉండి వచ్చినవానికి యాజకుని ప్రతిష్ఠలోని గురుతునే ఇచ్చి లోపలికి తీసుకొనివచ్చుట చిన్న విషయము కాదు. బీదవానికి భారము కాకుండ తక్కువ ఖర్చుతో అర్పణ విధించబడినదని 21వ వచనము నుండి చదువుతాము. తిరిగి చేర్చుకొనుటకు పేదరికము అడ్డు రాకూడదన్నది దీని భావము.

2. ఒక్క మాట క్రింద అనేక వ్యాధులు

హెబ్రీ బైబిలులోని ‘త్సరాఅత్’ అనే మాట ఒక్క వ్యాధికి పేరు కాదు. అది మనుష్యుల చర్మమునకే గాక వస్త్రములకు, తోలుకు, ఇంటి గోడలకు కూడ వర్తించింది. వస్త్రములలోను, గోడలలోను ఏర్పడేది బూజు వంటిదై ఉండవలెను గాని కుష్ఠు క్రిమి కాదు. పైగా ఈనాడు మనము కుష్ఠు అని పిలిచే వ్యాధికి ముఖ్య లక్షణమైన స్పర్శ లేకపోవుట ఆ అధ్యాయములో ఎక్కడను చెప్పబడలేదు. అందుచేతనే అనేకమంది బైబిలు పండితులు, చర్మవ్యాధుల వైద్యులు త్సరాఅత్‌ను పలు చర్మవ్యాధులకు కలిపి వాడిన మాటగా అర్థము చేసుకొన్నారు.

సెప్టువజింట్ గ్రీకు అనువాదములో ఈ మాటకు ‘లెప్రా’ అని వాడారు. గ్రీకు వైద్యములో లెప్రా అంటే పొట్టు రాలే చర్మవ్యాధి. మనము కుష్ఠు అని ఎరిగిన వ్యాధిని గ్రీకు వైద్యులు ‘ఎలిఫంటియాసిస్’ అని పిలిచారు. మధ్యయుగములో అరబ్బు వైద్యగ్రంథములను లాటిను భాషలోనికి తెచ్చినప్పుడు ఈ రెండు పేర్లు కలిసిపోయినవి. ఆ కలయికతో లేవీయకాండములోని అపవిత్రత అంతయు ఒక్క వ్యాధి మీదికి వచ్చి పడింది.

మన దేశములోను ఇటువంటి స్థితియే ఉండెను. ఆయుర్వేద గ్రంథములలో కుష్ఠము అన్నది పదునెనిమిది విధములైన చర్మవ్యాధులకు పెట్టిన పేరు. వాటిలో కొన్నింటి వర్ణనలో స్పర్శ పోవుట, వ్రేళ్ళు క్షీణించుట కనబడుతాయి. కాబట్టి తెలుగు బైబిలులోని ‘కుష్ఠుపొడ’ అనే మాట మూలపదము వలెనే విశాలమైనది. అయితే ఈనాటి తెలుగు పాఠకునికి ఆ మాట వినగానే పూర్వము మన పల్లెలలో పెద్దరోగమని పిలిచిన ఒక్క వ్యాధియే గుర్తుకు వస్తుంది. సమస్య ఇక్కడ మొదలవుతుంది. 2011లో వెలువడిన ఆంగ్ల ఎన్.ఐ.వి. అనువాదము లేవీయకాండములో కుష్ఠు అనే మాటను విడిచి, అపవిత్రపరచే చర్మవ్యాధి అనే అర్థమిచ్చే మాటను వాడుటకు కారణమిదే.

అంతమాత్రాన బైబిలు కాలములో అసలైన కుష్ఠువ్యాధి లేదని చెప్పకూడదు. రాజస్థానులోని బాలాథల్‌లో దొరికిన, దాదాపు నాలుగు వేల సంవత్సరముల నాటి అస్థిపంజరములో ఈ వ్యాధి చిహ్నములు ఉన్నట్లు 2009లో పరిశోధకులు ప్రకటించారు. అదే సంవత్సరము యెరూషలేములోని హిన్నోము లోయలో, మొదటి శతాబ్దపు సమాధిలోని ఒక వ్యక్తి అవశేషములలో కుష్ఠు క్రిమి డి.ఎన్.ఏ. దొరికినట్లు ప్రచురించారు. అందుచేత ప్రభువైన యేసు ముట్టినవారిలో ఈ వ్యాధి గలవారు ఉండియుండవచ్చు. ఇతర చర్మవ్యాధులు గలవారును ఉండియుండవచ్చు. వారందరికి సమానముగా ఉన్నది వెలి.

మధ్యయుగ సంఘము ఈ వెలికి తన సొంత రూపమిచ్చింది. 1179లో జరిగిన మూడవ లాటరన్ మహాసభ, ఇతరులతో కూడి ఆరాధించలేని కుష్ఠురోగులకు ప్రత్యేక ఆలయము, ప్రత్యేక శ్మశానము, సొంత గురువు ఉండవచ్చునని నిర్ణయించింది. వారి తోటల మీద, పశువుల మీద దశమభాగమును మినహాయించింది. దీనిలో కనికరము ఉన్నది, వారు కూడ ఆరాధించవలెనన్న ఆలోచన ఉన్నది. అయితే ఆ కనికరము వారిని లోపలికి తీసుకొనిరాలేదు, వెలుపలనే ఒక స్థలము కట్టి ఇచ్చింది. తరువాతి శతాబ్దములలో క్రైస్తవ సేవ ఎక్కువగా ఈ మార్గములోనే నడిచింది.

3. సూక్ష్మదర్శిని క్రింద పొడ

పందొమ్మిదవ శతాబ్దపు మధ్యలో ఐరోపాలో కుష్ఠు ఎక్కువగా మిగిలియున్న దేశములలో నార్వే ఒకటి. అక్కడి బెర్గెన్ పట్టణములో డానియెల్సెన్ అనే వైద్యుడు బోయెక్‌తో కలిసి 1847లో ఈ వ్యాధిని గూర్చి గొప్ప గ్రంథము ప్రచురించాడు. అది వంశపారంపర్యముగా వచ్చునని ఆయన నమ్మాడు. 1856లో నార్వే ప్రభుత్వము దేశములోని కుష్ఠురోగులందరి వివరములతో ఒక జాతీయ రిజిస్టరు ప్రారంభించింది. ఒక వ్యాధికి దేశమంతటికి ఇటువంటి రిజిస్టరు పెట్టుట ప్రపంచములో అదే మొదటిసారి.

డానియెల్సెన్ అల్లుడైన గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ ఈ వివరములను పరిశీలించి, వ్యాధి రక్తసంబంధము వలన గాక అంటుకొనుట వలన వచ్చుచున్నదని తలంచాడు. 1873లో రోగి చర్మపు గడ్డల నుండి తీసిన ద్రవములో కడ్డీల వంటి సన్నని క్రిములను సూక్ష్మదర్శినితో చూచాడు. మనుష్యులలో దీర్ఘకాలిక వ్యాధికి కారణముగా ఒక క్రిమిని చూపినవారిలో ఆయన మొదటివాడు. కోఖ్ క్షయ క్రిమిని ప్రకటించినది దీని తరువాత తొమ్మిదేండ్లకు, 1882లో.

అయితే ఈ చరిత్రలో ఒక చీకటి పుట కూడ ఉన్నది. క్రిమి అంటుకొనునని నిరూపించుటకు హాన్సెన్ 1879లో ఒక స్త్రీ రోగి కంటిలో, ఆమె అనుమతి లేకుండ, మరియొక రోగి నుండి తీసిన పదార్థమును చొప్పించ ప్రయత్నించాడు. 1880లో బెర్గెన్ న్యాయస్థానము ఆయనను దోషిగా తీర్చి, ఆసుపత్రి వైద్యుని పదవి నుండి తొలగించింది. దేశములో కుష్ఠు నివారణకు ముఖ్య వైద్యాధికారిగా మాత్రము ఆయన కొనసాగాడు. రోగి మనిషి అన్న సంగతిని విజ్ఞానము మరచినప్పుడు న్యాయస్థానము గుర్తు చేయవలసివచ్చింది.

వ్యాధి అంటువ్యాధియని తేలినప్పుడు రోగుల కుటుంబములకు ఒక మేలు, ఒక కీడు కలిగినవి. ఇది వంశదోషమన్న నింద తొలగిపోవలసినది. దాని స్థానములో అంటుకొంటుందన్న భయము పెరిగింది. 1889లో మొలొకాయి ద్వీపములో ఫాదర్ డామియెన్ అదే వ్యాధితో మరణించుట ఆ భయమును లోకమంతటికి చేర్చింది. 1897లో బెర్లినులో జరిగిన మొదటి అంతర్జాతీయ కుష్ఠు మహాసభ రోగులను వేరుపరచుటను సమర్థించింది. మన దేశమునకు 1890–91లో వచ్చిన కుష్ఠు కమిషను, ఈ వ్యాధి అంటుకొను స్వభావము చాలా స్వల్పమని నివేదించినను, 1898లో బ్రిటిషు ప్రభుత్వము కుష్ఠురోగుల చట్టము చేసింది. దాని ప్రకారము బిచ్చమెత్తుకొను కుష్ఠురోగిని పోలీసులు వారంటు లేకుండ పట్టుకొనవచ్చు. ఇన్‌స్పెక్టరు పరీక్షించి ధ్రువపత్రము ఇస్తే, మేజిస్ట్రేటు అతనిని ఆశ్రమమునకు పంపవచ్చు.

యాజకుని పరీక్షకు బదులు ఇన్‌స్పెక్టరు పరీక్ష వచ్చింది. ఆ చట్టము మొదట్లో పుండ్లు ఏర్పడినవారినే కుష్ఠురోగులుగా నిర్వచించింది. వైద్యరీత్యా ఇది తలక్రిందులైన పని. స్పర్శ లేని పాదముల మీద పుండ్లు ఉన్నవారిలో అనేకులు వ్యాధిని ఇతరులకు అంటించలేని స్థితిలో ఉంటారు. అంటించగలవారిలో చాలామందికి పైకి కనబడే పుండు ఉండదు. చట్టము వ్యాధిని గాక, చూచుటకు భయము పుట్టించే రూపమును వెలివేసింది. మానిన మచ్చను వ్యాధిగా ఎంచకూడదన్న లేవీయకాండపు వివేకము ఈ చట్టములో లేదు.

4. నూనె నుండి మాత్ర వరకు

1869లో పంజాబులోని అంబాలాలో కుష్ఠురోగులను చూచిన ఐర్లండు దేశస్థుడు వెల్లెస్లీ బెయిలీ, 1874లో కుష్ఠురోగుల మిషను స్థాపించుటకు కారకుడయ్యాడు. తరువాత ఆంధ్ర తీరములో సాలూరు, రామచంద్రపురము వంటి చోట్ల కూడ మిషనులు ఇటువంటి ఆశ్రమములు నడిపినవి. వీధిలో పడియున్నవారికి అన్నము, గుడ్డ, కట్టు, ప్రార్థన దొరికినవి. దీనికి మనము దేవునికి కృతజ్ఞులము. అయితే అనేక ఆశ్రమములలో స్త్రీపురుషులను వేరుగా ఉంచారు, వ్యాధి లేని పిల్లలను తలిదండ్రుల నుండి వేరు చేసి పెంచారు. ఇవి చికిత్స లేని కాలపు నిర్ణయములే, కాని వాటి బాధను భరించినవారు రోగులు.

చికిత్స వైపు మొదటి అడుగు మన దేశపు అడవి చెట్ల గింజలతోనే పడింది. సుశ్రుతుడు తువరకమని పేర్కొన్న చెట్టు గింజల నూనె, దాని జాతికే చెందిన చాల్‌మూగ్రా నూనె ఎంతో కాలముగా ఇక్కడి వైద్యులకు తెలుసు. కలకత్తా వైద్య కళాశాలలోని మౌఆట్ 1854లో దీనిని పాశ్చాత్య వైద్యులకు పరిచయము చేశాడు. త్రాగితే వాంతి, పైన పూస్తే ప్రయోజనము తక్కువ. ఇరువదవ శతాబ్దపు రెండవ దశకములో హవాయిలో ఆలిస్ బాల్ అనే యువ రసాయన శాస్త్రవేత్త, కలకత్తాలో లెనార్డ్ రోజర్స్ దీనిని సూదిమందుగా ఇవ్వదగిన రూపములోనికి తెచ్చారు. 1920లలో కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ ఈ చికిత్సను దేశమంతట వ్యాపింపజేశాడు.

తెలంగాణములోని డిచ్‌పల్లి కథ ఇక్కడ చెప్పదగినది. స్కాట్లండు నుండి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవ. జార్జి కెర్, హైదరాబాదు రాజ్యములోని నిజామాబాదు ప్రాంతములో పనిచేసేవారు. నర్సాగౌడ్ అనే హిందూ దాత ఇచ్చిన విరాళముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు చికిత్సాలయము ఆరంభమైనది. సూదిమందు రాకతో ఆశ్రమమునకు, ఆసుపత్రికి మధ్య తేడా స్పష్టమైనది. ఆశ్రమమునకు వచ్చినవాడు చనిపోవువరకు ఉండుటకు వస్తాడు. ఆసుపత్రికి వచ్చినవాడు ఇంటికి తిరిగి వెళ్ళుటకు వస్తాడు. ఇసబెల్ కెర్ 1932లో మరణించువరకు ఈ పనిలోనే ఉన్నది.

ఆ నూనె నిజముగా ఎంత పనిచేసింది? తొలిదశ రోగులలో కొందరికి మేలు కనబడింది, ముదిరిన వ్యాధిలో ప్రయోజనము స్వల్పము, వ్యాధి తిరగబెట్టుట తరచుగా జరిగేది. నెలల తరబడి బాధాకరమైన సూదులు వేయించుకొనవలసివచ్చేది. అయినను చరిత్రలో దానికి ఒక స్థానమున్నది. మందు ఉన్నదన్న నిరీక్షణ కలిగినప్పుడు మచ్చను దాచుకొన్నవాడు తనంతట తాను వైద్యుని యొద్దకు వచ్చాడు. పోలీసు భయము రోగిని దాచింది, మందు మీది ఆశ అతనిని బయటికి తెచ్చింది. తొలిదశ నిర్ధారణకు ఇంతకంటె మంచి సాధనము ఈనాటికిని లేదు.

అసలైన మందు మరియొక దారిలో వచ్చింది. డాప్సోన్ అనే రసాయనమును జర్మనీలో 1908లోనే తయారు చేశారు. దాని వైద్య ప్రయోజనము చాలా కాలము ఎవరికిని తెలియలేదు. 1941లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆసుపత్రిలో గై ఫాజెట్ ఆ కుటుంబమునకే చెందిన ప్రోమిన్ అనే మందును నరములోనికి ఎక్కించి, రోగులలో మేలును గమనించాడు. మన దేశములో చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ 1940లలో డాప్సోన్‌నే సూదిమందుగా వాడి చూచాడు. పూర్వము డిచ్‌పల్లిలో మిషను వైద్యుడుగా పనిచేసిన జాన్ లోవ్, నైజీరియాలోని ఉజుఆకొలిలో 1940ల చివర దానిని స్వల్ప మోతాదులో మాత్రగా ఇచ్చి, అది చాలునని చూపాడు. ఇది చాలా చవకైన మాత్ర. ఆసుపత్రిలో ఉండనవసరము లేకుండ ఇంటి వద్దనే వేసుకొనవచ్చు. 1955లో భారత ప్రభుత్వము జాతీయ కుష్ఠు నియంత్రణ కార్యక్రమమును ఈ మాత్ర మీదనే కట్టింది.

అదే కాలములో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ మరియొక అపోహను తొలగించాడు. కుష్ఠు వలన వ్రేళ్ళు కుళ్ళి రాలిపోతాయని లోకమంతయు నమ్మింది. ఆయన పరిశీలనలో తేలినది వేరు. క్రిమి నరములను పాడు చేస్తుంది, అందుచేత నొప్పి తెలియదు. నొప్పి తెలియనివాడు వేడిపాత్రను పట్టుకొంటాడు, చెప్పులో గ్రుచ్చుకొన్న మేకుతోనే నడుస్తాడు, నిద్రలో ఎలుక కొరికినను మేల్కొనడు. గాయము మీద గాయమై, చీము పట్టి, ఎముక అరిగిపోతుంది. వంకరపోయిన వ్రేళ్ళను పనిచేసే కండర నరముతో కలిపి తిరిగి చాచగల శస్త్రచికిత్సలను ఆయన, ఆయన సహచరులు అభివృద్ధి చేశారు. వికలాంగత వ్యాధిలోని తప్పనిసరి భాగము కాదని, దానిని నివారించవచ్చునని ఆ పనిలో ఋజువైనది.

5. మూడు మందులు, మూడు గురుతులు

ఒక్క మందుతో నడిచిన చికిత్స ఎక్కువ కాలము నిలువలేదు. డాప్సోన్‌కు లొంగని క్రిములు ఉన్నవని 1964లో మలేషియాలోని పరిశోధకులు నిరూపించారు. ఈ ఋజువు ఇంత ఆలస్యమగుటకు కారణమున్నది. కుష్ఠు క్రిమిని ప్రయోగశాల పాత్రలో పెంచుట ఈనాటికిని సాధ్యపడలేదు. 1960లో షెపర్డ్ అనే శాస్త్రవేత్త ఎలుక పాదములో దానిని పెంచగలిగిన తరువాతనే మందులను పరీక్షించే మార్గము ఏర్పడింది. క్లోఫజిమిన్, రిఫాంపిసిన్ అను మందులు వచ్చిన పిమ్మట, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో నిపుణుల సంఘమును పిలిచి, పలు మందులను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. దీనినే మన ఆరోగ్య కేంద్రములలో ఎం.డి.టి. అంటారు.

ఎం.డి.టి. ఆరంభించిన కొద్ది దినములలోనే రోగి ఇతరులకు వ్యాధిని అంటించలేని స్థితికి వస్తాడు. క్రిములు తక్కువ ఉన్నవారికి ఆరు నెలలు, ఎక్కువ ఉన్నవారికి పన్నెండు నెలలు మందు ఇస్తారు. 1995 నుండి ప్రపంచమంతట దీనిని ఉచితముగా అందజేస్తున్నారు. మందు వాడేవారికి ముందుగా చెప్పవలసిన సంగతులు రెండున్నవి. రిఫాంపిసిన్ వలన మూత్రము ఎఱ్ఱగా రావచ్చు. క్లోఫజిమిన్ వలన చర్మము నల్లబారవచ్చు, మందు ఆపిన తరువాత అది క్రమముగా తగ్గుతుంది. ముఖము నల్లబారితే ఊరిలో తెలిసిపోతుందన్న భయముతో మందు మానివేసినవారున్నారు. ఇక్కడ సిగ్గు చికిత్సకు అడ్డు వస్తున్నది.

నిర్ధారణ విషయములో ఈనాడు మూడు ముఖ్య గురుతులు చెప్పుదురు. మొదటిది, పాలిపోయిన లేక ఎఱ్ఱబారిన మచ్చ మీద స్పర్శ లేకపోవుట. దూదితో గాని, పెన్ను కొనతో గాని తాకి, కళ్ళు మూసుకొన్న రోగిని చూపమంటారు. రెండవది, మోచేయి వెనుక, మోకాలి ప్రక్కన, మెడ వద్ద ఉండే నరములలో ఒకటి లావై, దాని అధీనములోని చోట స్పర్శగాని, బలముగాని తగ్గుట. మూడవది, చెవి తమ్మె వంటి చోట చర్మమును చిన్నగా గీసి తీసిన ద్రవములో క్రిములు కనబడుట. మొదటి రెండింటికి యంత్రము అక్కరలేదు, చేయి చాలు. తాకకుండ ఈ వ్యాధిని నిర్ధారించుట కష్టము. అపవిత్రమని దూరము నుండి కేకవేయించిన వ్యాధి, తాకి చూచినప్పుడే తెలియునదిగా వైద్యశాస్త్రములో నిలిచింది.

ఫలితములు గొప్పవి. మన దేశములో 1983లో ప్రతి పదివేలమందికి 57.8 చొప్పున ఉన్న రోగుల సంఖ్య, 2005 డిసెంబరు నాటికి ఒకటికి లోపు వచ్చింది. ప్రజారోగ్య సమస్యగా కుష్ఠు నిర్మూలనమైనదని ప్రకటించారు. చాలామంది దీనిని కుష్ఠు పూర్తిగా పోయినదని అర్థము చేసుకొన్నారు. అది సరికాదు. 2022లో ప్రపంచములో గుర్తించిన దాదాపు 1,74,000 కొత్త రోగులలో లక్షకు పైగా మన దేశములోనివారే. ఈ క్రిమి శరీరములో ప్రవేశించిన తరువాత లక్షణములు కనబడుటకు సగటున ఐదేండ్లు, కొందరిలో ఇరువది ఏండ్లు కూడ పట్టవచ్చు. ఇక లేదనుకొన్న వ్యాధిని ఎవరును వెదకరు. వెదకకపోతే నరము దెబ్బతిన్న తరువాతనే దొరుకుతుంది.

6. చట్టము వెనుకబడినప్పుడు

మందు రోగిని బాగు చేసిన తరువాత కూడ చట్టము అతనిని చాలా కాలము రోగిగానే చూచింది. 1898 నాటి చట్టమును కొన్ని రాష్ట్రములు ముందే తొలగించినను, కేంద్రము పూర్తిగా రద్దు చేసినది 2016లో.

క్రైస్తవులమైన మనకు మరింత దగ్గరగా తగిలే ఉదాహరణ ఒకటున్నది. 1869 నాటి భారత విడాకుల చట్టము మన వివాహములకు వర్తిస్తుంది. దానిని 2001లో సవరించినప్పుడు, తీవ్రమైన, నయముకాని కుష్ఠు రెండేండ్లు ఉన్నయెడల అది విడాకులకు కారణము కావచ్చునని క్రొత్తగా చేర్చారు. గమనించండి, ఎం.డి.టి. వచ్చి అప్పటికి ఇరువది ఏండ్లైనది. నయముకాని కుష్ఠు అన్నది వైద్యములో లేకుండ పోయిన తరువాత అది మన చట్టములోనికి వచ్చింది. 2019లో పార్లమెంటు వ్యక్తిగత చట్టముల సవరణ ద్వారా, హిందూ, ముస్లిము, ప్రత్యేక వివాహ చట్టములతోపాటు దీనిలో నుండియు కుష్ఠును తొలగించింది. ఈ పదునెనిమిది సంవత్సరములు కుష్ఠు సోకిన క్రైస్తవ భార్యకో, భర్తకో చట్టము చెప్పిన మాట, నీవు ఇంకను పాళెము వెలుపలనే ఉన్నావని.

7. సంఘ పరిచర్యకు అన్వయము

ఈ చరిత్ర నుండి కాపరులు, వేదాంత విద్యార్థులు ఆలోచించదగిన నాలుగు విషయములను ఇక్కడ పేర్కొనవచ్చు.

మొదటిది, ప్రసంగము. కుష్ఠును పాపమునకు సాదృశ్యముగా చెప్పుట మన బోధలో స్థిరపడిపోయినది. మిర్యాము, గేహజీ, ఉజ్జియాల విషయములో అది దేవుని తీర్పుగా వచ్చిన మాట నిజమే. అయితే లేవీయకాండము 13 ప్రతి రోగిని పాపిగా ఎంచలేదు. సువార్తలలో పక్షవాయువు గలవానితో పాపములు క్షమింపబడినవని పలికిన ప్రభువు, కుష్ఠురోగులలో ఎవరితోను ఆ మాట పలికినట్లు వ్రాయబడలేదు. వారికి ఇచ్చినది శుద్ధి. వెంటనే వారిని యాజకుని యొద్దకు పంపుట, పదునాలుగవ అధ్యాయములోని తిరిగి చేర్చుకొనుట జరుగవలెనని. ప్రసంగమునకు ఉపయోగపడే ఒక ఉపమానము కొరకు, వెనుక బల్ల మీద కూర్చున్న ఒక మనిషిని మరల వెలివేయుచున్నామేమో ఆలోచించవలెను.

రెండవది, నిర్ధారణలో సహాయము. స్పర్శలేని మచ్చను గూర్చి సంఘములో బహిరంగముగా చెప్పుట, ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళుటకు తోడుగా నిలుచుట కాపరి చేయగల పని. వ్యాధి ఉన్నదో లేదో తేల్చుట అతని పని కాదు. జనవరి చివరి ఆదివారము ప్రపంచ కుష్ఠు దినముగా పాటిస్తారు. అది ఆరాధన దినమే గనుక దీనికి వేరే సభ అక్కరలేదు.

మూడవది, ప్రార్థన, మందుల సంబంధము. స్వస్థత కొరకు ప్రార్థించి మందు మానివేయుమని చెప్పుట రోగి నరములను, చేతులను, కళ్ళను ప్రమాదములో పెట్టుట. ప్రభువు తాను శుద్ధుని చేసినవానిని సహితము పరీక్షకు పంపాడు. మందు వాడుచుండగా మచ్చలు ఎఱ్ఱబారుట, నరములు నొప్పి పెట్టుట, చేయి లేక పాదము బలహీనమగుట జరుగవచ్చు. ఇది మందు వికటించుట కాదు, శరీరము క్రిమికి ఎదురు తిరుగుట. మందు ఆపకుండ, ఆలస్యము చేయకుండ వైద్యుని చూడవలెనని చెప్పగలవాడు సంఘములో ఒకడుంటే ఒక చేయి నిలుస్తుంది.

నాలుగవది, మచ్చకూ వ్యాధికీ గల తేడా. చికిత్స పూర్తియైన తరువాత కూడ వంకర వ్రేళ్ళు, కురుచ పాదము మిగులవచ్చు. అది వ్యాధి కాదు, వ్యాధి విడిచిపోయిన గురుతు. పుండు మానిన మచ్చను చూచి యాజకుడు అతడు పవిత్రుడని చెప్పవలసినట్లే, ఈ చేతులను చూచి సంఘము చెప్పవలెను. దీనికి నిజమైన పరీక్ష ప్రభురాత్రి భోజన బల్ల యొద్ద జరుగుతుంది. ఆ చేయి పట్టుకొన్న పాత్రను తరువాతివాడు సంకోచము లేకుండ అందుకొంటాడా? ఆ ఇంటి అమ్మాయికి సంఘములో సంబంధము కుదురుతుందా? ఆయన పెద్దగా ఎన్నుకొనబడుతాడా?

ముగింపు

హాన్సెన్ చూచిన కడ్డీల నుండి ఆరు నెలల మందుల ప్యాకెట్టు వరకు వైద్యశాస్త్రము నడచిన దారి దీర్ఘమైనది. ఆ దారిలో డిచ్‌పల్లి, వెల్లూరు వంటి చోట్ల క్రైస్తవ సాక్ష్యము ఉన్నది. ఆ దారిలో పోలీసు, ధ్రువపత్రము, వేరుపరచబడిన పిల్లలు కూడ ఉన్నారు. ఈనాడు మచ్చను నిర్ధారించువాడు వైద్యుడు, క్రిమిని చంపునది మందు. ఈ రెండు పనులు యాజకుని భుజము మీద నుండి దిగిపోయినవి. మిగిలిన పని ఒక్కటే. పాళెము వెలుపలికి వెళ్ళుట, బాగుపడినవానిని చూచుట, అతని చెవిని, చేతిని, పాదమును ముట్టి, యాజకునికి ఇచ్చిన గౌరవముతోనే లోపలికి తీసుకొనివచ్చుట. ఈ పనికి ఏ ఆసుపత్రిలోను మందు లేదు. ఇది సంఘమునకే అప్పగించబడినది.